ఇసుకలో మిక్కా తోక

దోరియోన్‌ను ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు చేతులు కడుక్కునేవాడు. తీరిగ్గా తుడుచుకుని, అడిగినవాడికి ఒక పని అప్పజెప్పేవాడు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉండేది. దొరికితే సరే, దొరక్కపోతే కనీసం పనైనా అయ్యేది. పెలాగియా రేవుపట్నంలో ఆయన దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఈ అలవాటుకు విసుక్కోనివాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ యవన దేశపు పట్నంలో, చనిపోయినవాళ్ళను కాల్చిన మట్టి పేటికలో పడుకోబెట్టి పూడ్చిపెట్టడం ఆచారం. పేటికకు వెడల్పాటి అంచు ఉంటుంది. ఆ అంచు మీద బొమ్మలు వేయడం దోరియోన్ ఇంటి విద్య. వారాల తరబడి మెడ నొప్పెట్టేలా వంగి వేసిన బొమ్మల్ని జనం ఒక్క పూట చూస్తారు, సాయంత్రానికి మన్ను కప్పేస్తారు. శిష్యుడు లైకోన్‌కు ఇది మింగుడుపడేది కాదు. రేవుగట్టు మీద ఆ పట్నం గర్వంగా చెప్పుకునే మనుషుల రాతి విగ్రహాలు ఉన్నాయి. గ్రహణం ఎప్పుడొస్తుందో ముందే చెప్పిన పండితుడు ఒకరు, ఓటమి ఎరగని మల్లయోధుడు ఒకరు, కూజాల మీద బొమ్మలు వేసి కింద తన పేరు రాసుకుని, ఓడలు వెళ్ళే ప్రతి ఊళ్ళోనూ ఆ పేరు మోగించుకున్న చిత్రకారుడు ఒకరు. ఆ చిత్రకారుడి ముందు నిలబడినంతసేపు లైకోన్ కన్నతల్లి ముందు కూడా నిలబడి ఉండడు. ఆ కూజాలు తయారయ్యే పెద్ద పట్నానికి మర్నాడు మధ్యాహ్నం ఓడ బయలుదేరుతుందని తెలియగానే మూట కట్టేశాడు. గురువు సెలవివ్వడమే తరువాయి.

తెల్లవారగానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “గురువుగారూ, ఎవరూ చూడని బొమ్మ ఎవరికోసం వేయాలి?” అని అడిగేశాడు.

దోరియోన్ చేతులు కడుక్కున్నాడు. “మెలిత్తమ్మ పేటిక చేయించుకుంటుందట. ఇవాళ కొలత తీయాలి. ఓడకు ఇంకా వేళుందిగా, ఆ అంచు బొమ్మలేవో నువ్వు గీసి చూపించు. ఆ తర్వాత నీ ఇష్టం” అన్నాడు.

బతికుండగానే పేటిక చేయించుకునేవాళ్ళకు అక్కడ కొలత తీసే పద్ధతి ఒకటుంది. ఒడ్డున తడి ఇసుక మీద వాళ్ళను పడుకోబెట్టి చుట్టూ పుల్లతో గీత గీస్తారు. ఆ గీత వెంట అంచు బొమ్మలు కూడా పుల్లతోనే గీసి చూపిస్తారు. నచ్చిందంటే మట్టిపని మొదలవుతుంది. మెలిత్తమ్మ వలలు బాగుచేసుకుంటూ ఒంటరిగా బతికే ముసలావిడ. నవ్వుతూ వచ్చి, కాళ్ళు చాపుకుని పడుకుంది. “హాయిగా ఉంది దోరియోనయ్యా, లేవబుద్ధి కావడం లేదు” అంది. దోరియోన్ గీత గీసి, పుల్ల శిష్యుడి చేతికిచ్చి, నీడ చూసుకుని కూర్చున్నాడు.

లైకోన్ ఒక కన్ను ఓడ మీదే ఉంచి, ఆమె తలవైపు చకచకా రెండు సింహాలు గీసేశాడు. అన్ని పేటికల మీదా ఉండేవి అవే.

ఆమె మెడ తిప్పి చూసింది. “సింహాలు నాకెందుకు నాయనా? పుట్టి బుద్ధెరిగాక ఒక్క సింహాన్నీ చూడలేదు. చచ్చాక కొత్తగా పరిచయం చేసుకోవాలా? మా మిక్కాను గీయి.”

మిక్కా ఆవిడ పెంచుకున్న కుక్క. భర్త చేపల వేటకు వెళ్ళినప్పుడల్లా ఆమెతో పాటు ఒడ్డునే కూర్చునేదట. భర్తా పోయాడు, కుక్కా పోయి చాలాకాలమైంది. లైకోన్ తనకు అలవాటైన కుక్కనే గీశాడు.

“ఇది వేటకుక్క. మాది తిండిపోతు.”

పొట్ట పెంచాడు.

“ఎడమ చెవి వాలిపోయి ఉండేది.”

చెవి వాల్చాడు. అప్పటికి అతను ఓడ వైపు చూడడం మానేశాడు.

“ఆఁ, ఇప్పుడు మా మిక్కాయే! కానీ అటు ఊరి వైపు చూస్తుందేమిటి? ఎంత తిండిపోతైనా, పడవ కనబడేదాకా ముద్ద ముట్టేది కాదు. సముద్రాన్ని చూసేది, లేకపోతే నన్ను చూసేది.”

లైకోన్ అరచేత్తో తల చెరిపి, వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూస్తున్నట్టు మళ్ళీ గీశాడు. మెలిత్తమ్మ చెయ్యి చాచింది. నిమరబోయి, చెరిగిపోతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది. “వచ్చావుటే” అంది నెమ్మదిగా. లైకోన్‌కు ఎన్నడూ ఎరగనంత సంతోషమేసింది.

ఆమె లేచి, పైవస్త్రానికి అంటిన ఇసుక దులుపుకుని, “ఇదే ఖాయం” అని చెప్పి వలల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక ఇసుకలో చేయవలసిందేమీ లేదు. మట్టి మీద ఎలాగూ మళ్ళీ వేయాల్సిందే. అయినా లైకోన్ కదల్లేదు. తోక ఇంకా వేటకుక్క తోకలాగే బిగుసుకుని ఉంది. యజమానురాలు కనబడిన కుక్క తోక అలా ఉంటుందా? చెరిపి, వంపు తిప్పాడు. కుదరలేదు, మళ్ళీ చెరిపాడు. నురుగు దగ్గరికొస్తుంటే చేత్తో ఇసుక గట్టు కట్టాడు. రేవులో శంఖం ఊదితే, అది వేరే ఎవరి ఓడో అన్నట్టు విన్నాడు. చివరికి తోక ఊగింది. వెనక్కి జరిగి చూసుకునేలోగా ఒక కెరటం వచ్చి గట్టునూ మిక్కానూ కలిపి తీసుకుపోయింది. లైకోన్ పకపకా నవ్వాడు.

తలెత్తేసరికి ఓడ తెరచాప ఎత్తి రేవు దాటుతోంది. పడవ తోస్తున్న జాలరి ఒకడు అతన్ని చూసి, “తప్పిపోయిందా? ఎక్కు, ఇంకా అందుకోవచ్చు!” అని కేకేశాడు.

లైకోన్ ఓడను చూశాడు, చేతిలోని పుల్లను చూశాడు. “వద్దులే అన్నా, మెలిత్తమ్మ పేటికకు మన్ను నానబెట్టాలి” అన్నాడు.

వెనక్కి తిరిగితే గురువు నిలబడి ఉన్నాడు.

“శంఖం ఊదినప్పుడు ఒక్క కేక వెయ్యకపోయారా గురువుగారూ?” అన్నాడు లైకోన్ నవ్వుతూనే.

“పిలుద్దామనే లేచొచ్చానురా” అన్నాడు దోరియోన్. “నువ్వు తోక దిద్దుతున్నావు. దాన్ని చూసేవాళ్ళెవరూ లేరు కదా, పోనీ నేనైనా చూద్దామని ఆగిపోయాను.”