దుప్పిమిట్ట గొంగళ్ళు

కోనగిరిని ఏలే ఇమ్మరాజుకు ఓ రోజు ఉన్నట్టుండి జింకల మీద ప్రేమ పొంగుకొచ్చింది. రాజుగారికి ప్రేమ పొంగితే ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే! ఈసారి మూడింది దుప్పిమిట్టకు.

దుప్పిమిట్ట అడవి అంచున అరవై గడపల ఊరు. రాజ్యంలో మిగతా అడవులన్నీ వేటగాళ్ళ పుణ్యమా అని బోసిపోయాయి. ఈ ఊరి చేల పక్కన మాత్రం జింకలు మందలు మందలుగా తిరుగుతున్నాయి.

"అదంతా నా చలవే ప్రభూ!" అన్నాడు వేటశాల అధికారి భుజంగరాయుడు, మీసం దువ్వుకుంటూ. "నా నలభైమంది భటులు కంటికి రెప్పలా కాస్తున్నారు. ఆ ఊరివాళ్ళే అడ్డం. ఊరు ఖాళీ చేయించండి, జింకల్ని రెట్టింపు చేసి చూపిస్తా."

ఆ భటులు అడవి మొహం చూసి ఏడాదయింది. ఆ సంగతి సభలో ఇంకొక్కరికే తెలుసు. రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే ఓబులమ్మకు. ఆమె పుట్టిల్లు దుప్పిమిట్టే మరి.

రాజు ఆజ్ఞాపత్రం మీద ముద్ర వేయబోతున్నాడు. ముద్ర పడితే పుట్టింటివాళ్ళంతా చెట్టుకొకరు పుట్టకొకరు! కానీ అడిగితే తప్ప ఓబులమ్మ కొలువులో నోరు విప్పకూడదు. ఏం చేసింది? ఆకుకు సున్నం రెండింతలు పూసి రాజుగారి చేతిలో పెట్టింది.

"అబ్బబ్బ! నోరు పొక్కిపోయింది! ఏమే ఓబులమ్మా, కళ్ళు నెత్తికెక్కాయా?"

"మన్నించండి ప్రభూ! ఆ ముద్ర పడితే మా ఊరు పోతుందని చెయ్యి వణికింది."

"మీ ఊరా అది?"

"చిత్తం. జింకల్ని కాసేది మావాళ్ళు. రాయుడుగారేమో తమ భటులంటున్నారు. ఎవరి మాట నిజమో జింకల్నే అడిగితే పోలా?"

రాజుకు సరదా పుట్టింది.

"సరే! ఎల్లుండి పొద్దున్న మేమే వస్తాం. ముందు భటులు, తర్వాత ఊరివాళ్ళు మంద దగ్గరకు నడవాలి. రోజూ కాసేవాళ్ళను చూసి జింక బెదరదు. ఎవర్ని చూసి పారిపోతుందో వాళ్ళది అబద్ధం. ఓడింది ఊరైతే ఆ రోజే ఖాళీ!"

ఓబులమ్మ సెలవు పుచ్చుకుని ఊరికి పరుగెత్తింది. సంగతంతా విని అన్న కదిరప్ప తల పట్టుకున్నాడు. ఊరికి పెద్దకాపు ఆయనే.

"కొంప ముంచావు గదే చెల్లీ! మన జింకలు ఎవరొచ్చినా బెదరవు. ఆ భటులు మెల్లగా నడుచుకుంటూ పోతే చాలు, వాళ్ళే కాపలాదార్లని రాజు నమ్మేస్తాడు!"

ఓబులమ్మకు నిజంగానే భయం వేసింది. అంతలో గోడ మేకుకు వేలాడుతున్న నల్లగొంగళి కంటపడింది. దాన్ని చూసి ఒకటే నవ్వు. నవ్వు ఆపుకుని అన్న చెవిలో ఏదో ఊదింది.

మర్నాడు భుజంగరాయుడు భటులతో దిగనే దిగాడు.

"ఏం మందు పెట్టి మచ్చిక చేసుకున్నార్రా? మర్యాదగా చెప్పండి!"

ఓబులమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "అయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఇంట్లో ఏం కావాలన్నా పట్టుకెళ్ళండి. గొంగళ్ళ జోలికి మాత్రం రాకండి!"

కదిరప్ప తన గొంగళిని గుండెలకు కరుచుకున్నాడు. ఆడవాళ్ళు ఊరు ఎగిరిపోయేలా శోకాలు పెట్టారు.

రాయుడి మొహం చాటంతయింది. కిటుకంతా గొంగళ్ళలోనే ఉందన్నమాట! ఏడుపు విన్నకొద్దీ ఉత్సాహం పెరిగి, వెతికి వెతికి తన నలభైమందికీ తలా ఒక గొంగళి ఊడ్చుకుపోయాడు.

చెప్పిన పొద్దుకు రాజుగారు వచ్చి కొర్రచేలో మంచె ఎక్కారు. చేను చివర జింకలు తీరిగ్గా మేస్తున్నాయి. నలభైమంది భటులు గొంగళ్ళు తలమీంచి కప్పుకుని, పిల్లుల్లా అడుగులో అడుగు వేసుకుంటూ బయల్దేరారు. రాయుడు మంచె కింద నిలబడి మీసం మెలేస్తున్నాడు.

ఇరవై అడుగులు వేశారో లేదో, ఓ ముసలి జింక తలెత్తింది. కాలు నేలకేసి టపటపా కొట్టింది. అంతే! మంద మొత్తం గాల్లోకి లేచి అడవిలో పడింది. చూద్దామంటే ఒక్క తోక మిగల్లేదు.

భటులు వెనక్కి వచ్చి మంచె చాటుకు చేరాక, కాసేపటికి అవే మెల్లగా తిరిగొచ్చాయి. ఈసారి కదిరప్ప, ఊరివాళ్ళు ఉత్త భుజాలతో కబుర్లాడుకుంటూ మంద మధ్యకు నడిచారు. జింకలు తల కూడా ఎత్తలేదు. ఓ పిల్లజింక వచ్చి కదిరప్ప పంచె వాసన చూసి పోయింది.

"ఏమిటయ్యా ఈ వింత?" అన్నాడు రాజు.

కదిరప్ప చేతులు జోడించాడు. "వింతేం లేదు ప్రభూ. మేం జింక మీద రాయి విసరం. చేను చివర నాలుగు సాళ్ళు వాటికే వదిలేస్తాం. అది దాటి లోపలికొస్తే మాత్రం గొంగళి కప్పుకుని ఎదురెళ్ళి దులుపుతాం. తాతలనాటి నుంచీ ఇదే పద్ధతి. గొంగళి కప్పుకున్న మనిషి కనబడితే అవి అడవిలోకి పోవాల్సిందే."

భుజంగరాయుడు కోపం పట్టలేక నోరు జారాడు. "మోసం ప్రభూ! గొంగళ్ళు ఇవ్వనని ఈ ఓబులమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. అందుకేగా లాక్కెళ్ళాను!"

"లాక్కెళ్ళావా?" రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "ఎందుకేడ్చావే ఓబులమ్మా?"

"చలికాలం ముంచుకొస్తోంది ప్రభూ. కప్పుకునేవి కాస్తా ఊడ్చుకుపోతుంటే నవ్వుతూ సాగనంపమంటారా?"

రాజు పడీపడీ నవ్వాడు. మంచె కిర్రుకిర్రుమంది. భటులు కూడా గొంగళ్ళ చాటున కిసుక్కుమన్నారు.

ఆజ్ఞాపత్రం అక్కడికక్కడే చిరిగిపోయింది. ఆ అడవి కాపలా ఇకమీదట దుప్పిమిట్టదేనని, వేటగాడెవడూ అందులో అడుగుపెట్టరాదని రాగిరేకు మీద రాయించమన్నాడు రాజు. చేతి కడియం తీసి ఓబులమ్మకిచ్చాడు.

"ఇక నువ్వు రాయుడూ! గొంగళి నీకు బాగా నచ్చినట్టుంది. పంట ఇంటికొచ్చేదాకా ఈ చేలోనే ఉండు. జింక లోపలికొస్తే కప్పుకుని లేచి దులుపు. కదిరప్ప నేర్పుతాడు!"