ఎల్లాజమ్మ పెంకులు

అనగా అనగా, సముద్రం ఇప్పటికంటే నాలుగు బారలు వెనక్కి ఉన్న రోజుల్లో, మొగలిపాలెం అని ఒక బెస్తల ఊరు ఉండేది. ఆ ఊళ్లో ఎల్లాజమ్మ అని ఒక మనిషి ఉండేది. ఆమెకు పడవ లేదు, పొలం లేదు, పిల్లల్లేరు. నెత్తళ్లనే చిన్నచేపలు ఎండబెట్టి అమ్ముకోవడమే ఆమె బతుకు.

నెత్తళ్లు ఎండబెట్టేవాళ్లకి మబ్బు తెలియాలి. ఏది కురుస్తుంది, ఏది బెదిరించి పోతుంది, ఏది గాలిని వెంటబెట్టుకొస్తుంది, అన్నీ తెలియాలి. ఒక్క జల్లు పడిందా, వారం కష్టం కుళ్లిపోయినట్టే. అందుకని ఎల్లాజమ్మ తల ఎప్పుడూ పైకే ఉండేది.

ఓడ పనికి పోయిన మొగుడు తిరిగి రాలేదు. అతని పెట్టె వచ్చింది. పెట్టెలో ఒక గళ్ల లుంగీ, ఒక కత్తి, బారెడు పొడుగున్న ఇత్తడి దుర్భిణి. దూరాన ఉన్నదాన్ని దగ్గర చేసి చూపించే గొట్టం అది. లుంగీని ఏడుస్తూ దాచుకుంది. కత్తితో చేపలు కోసుకుంది. దుర్భిణిని పెరట్లో చేపల పందిరి గుంజకి కట్టి, మబ్బులు చూడటానికి వాడుకుంది.

ఒక మునిమాపు వేళ, సముద్రం మీంచి లేస్తున్న గురుడనే చుక్క వైపు దాన్ని తిప్పింది. చుక్క కనపడలేదు. గుండ్రటి బిళ్ల కనపడింది. బిళ్ల మీద అడ్డంగా రెండు మసక చారలు. కింది చారని ఆనుకుని చింతగింజంత ఎర్రమచ్చ.

"ఓలమ్మా! అక్కడా మబ్బులే!" అంది ఎల్లాజమ్మ.

ఇంటికప్పు పెంకు ఒకటి విరిగి పడుంటే తీసుకుంది. బొగ్గుతో బిళ్ల గీసింది, చారలు గీసింది, ఎర్రమట్టితో మచ్చ పెట్టింది. చూసిందే గీసింది, చూడనిది గీయలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మంచు పట్టి ఏమీ కనపడని పూట, ఉత్త సున్నా గీసి పక్కన పెట్టింది.

"ఎల్లాజీ, పైన నెత్తళ్లు పడతన్నాయేటే?" అని పక్కింటివాళ్లు నవ్వేవాళ్లు.

"పడితే నీకే ముందు పెడతాను, కూకో" అనేది.

అలా తొమ్మిదేళ్లు. గురుడు కనపడినన్నాళ్లూ పూటకో పెంకు. పెరట్లో పెంకుల గోడ లేచింది. ఆ గోడ చూసి ఆమె మూడు సంగతులు తెలుసుకుంది. కింది చార ఒక ఏడు వెలిసిపోయి, మరుసటేడు మళ్లీ వచ్చింది. మచ్చ ఒకచోట నిలవదు, ఒక అంచున వచ్చి ఇంకో అంచున పోతుంది. ఇవాళ నడిమధ్యన ఉంటే, ఎల్లుండి నాలుగు గడియలు ఆలస్యంగా మళ్లీ నడిమధ్యకి వస్తుంది.

ఇక నాకు కోపం వచ్చే చోటు వచ్చింది. మీకూ రావాలి.

ఆ సీమకి ఒక దొర ఉండేవాడు. వాడికి మూడు మేడలున్నాయి. నాలుగోది సముద్రపుగాలికి కట్టాలనిపించింది. గాలి మంచిగా తగిలే చోటు మొగలిపాలెం. ఊరికే పొమ్మంటే జనం పోరు కదా! దివాణంలో ఒక సిద్ధాంతి ఉన్నాడు. ఆయన దగ్గరా దుర్భిణి ఉంది. దొర మనసు ఎటుంటే ఆయన కన్ను అటు.

దొర ఆయన చెవిలో మేడ మాట వేశాడు. మూడో నాటికి ఊళ్లో దండోరా పడింది. "గురుడి ముఖాన కొత్తగా నెత్తుటి మచ్చ పుట్టిందహో! మొగలిపాలెం పాపమే ఆ మచ్చహో! పౌర్ణమిలోగా ఊరు ఖాళీ చేస్తేనే మచ్చ పోతుందహో!"

వినండి, ఆ మాట ఎంత విషమో. జనం దొరని తిట్టలేదు. ఒకర్నొకరు తిట్టుకున్నారు. నీ పాపమంటే నీ పాపమన్నారు. కాన్పులో బిడ్డ పోయిన ఒక పిల్లని వీధిలో నిలబెట్టి నీవల్లేనన్నారు. ఆ పిల్ల ఏడుపు ఎల్లాజమ్మ పెరటిదాకా వినపడింది.

ఎల్లాజమ్మకి ఒళ్లు మండిపోయింది. మూడు పెంకులు గంపలో పెట్టుకుని దివాణానికి నడిచింది.

మొదటి రోజు కాపలావాడు "చేపలు వెనక గుమ్మంలో ఇయ్యి" అన్నాడు. రెండో రోజు సిద్ధాంతి ఎదురొచ్చి, ముక్కు మూసుకుని, "శాస్త్రం నీకేం తెలుసు?" అన్నాడు. మూడో రోజు ఆమె గుమ్మంలో కూర్చుని కదల్లేదు. దొర పల్లకీ ఆగింది.

"దొరబాబూ, ఆ మచ్చ కొత్తది కాదు. తొమ్మిదేళ్లుగా నాను సూత్తన్నాను. అది మబ్బు బాబూ. మబ్బుకి పాపమేటి?"

"నువ్వు చెప్తే నమ్మాలా?"

"నన్ను నమ్మొద్దు. ఇప్పుడు పొద్దుగూకతంది. వొచ్చి నీ కంటితో సూడు. దీపాలెట్టే యేలకి మచ్చ నడిమధ్యనుంటాది. ఎల్లుండి మళ్లీ రా. నాలుగు గడియలు ఆలీసంగా అక్కడికే వొత్తాది. తప్పితే నానే ముందు ఊరొదిలి పోతాను."

దొరకి వేడుకనిపించింది. వచ్చాడు. ఊరంతా పెరడు చుట్టూ చేరింది. చేపల కంపుకి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని, దొర దుర్భిణికి కన్ను ఆనించాడు. మచ్చ నడిమధ్యన ఉంది. చాలాసేపు కన్ను తీయలేదు.

చెప్పినట్టే రెండు రోజులకి మళ్లీ వచ్చాడు. దీపాలు పెట్టేవేళ చూశాడు. మచ్చ నడిమధ్యకి రాలేదు. సిద్ధాంతి నవ్వాడు. నాలుగు గడియలాగి దొర మళ్లీ చూశాడు. మచ్చ వచ్చింది. ఆమె చెప్పినచోటికే వచ్చింది. సిద్ధాంతి నవ్వు ఆగిపోయింది.

దొర తొమ్మిదేళ్ల పెంకుల్లో అడుగున ఉన్నది లాగించి చూశాడు. దాని మీదా అదే ఎర్రమచ్చ. అతనికి తెలిసిపోయింది. తెలిసిందని అతని ముఖంలో అందరికీ కనపడింది.

అప్పుడేం చేశాడో వినండి.

"పగలగొట్టండి" అన్నాడు.

తెలియక పగలగొట్టించలేదు. తెలిసి పగలగొట్టించాడు! దుర్భిణిని పీకి సముద్రంలోకి విసిరించాడు. భటులు కర్రలు ఎత్తారు. ఎల్లాజమ్మ పెంకుల గోడకి వీపు ఆనించి నిలబడింది.

"లెగు ముసలీ."

"లెగను. చూసిందే గీసేను. చూడనిది గీయలేదు. దేనికి లెగాల?"

కర్ర పెంకులకి ముందు ఆమె భుజానికి తగిలింది. తర్వాత తలకి తగిలింది. తొమ్మిదేళ్ల సాయంత్రాలు పొయ్యి వెలిగించేంత సేపట్లో ముక్కలయ్యాయి.

జనం ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు. ముందు నోరు విప్పింది, వీధిలో ఏడ్చిన ఆ పిల్లే.

"అబద్దమైతే పగలగొట్టడం దేనికి?" అంది.

ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వంగి ఒక్కో ముక్క ఏరుకున్నారు.

మూడో రోజు పొద్దున్న ఆ దెబ్బలకే ఎల్లాజమ్మ ప్రాణం పోయింది. పోయేముందు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "నీ పాపం కాదే. అది మబ్బే" అంది.

పౌర్ణమి వచ్చింది. ఊరు కదల్లేదు. భటులు వచ్చారు. ఆడవాళ్లు ఇసకలో వరస కట్టి కూర్చున్నారు, ఒడిలో పెంకుముక్కలతో. "ఇది మా పాపం కంటే ముందుటి మచ్చ, సూడు" అని ముక్కలెత్తి చూపించారు. భటులు వెళ్లిపోయారు. మళ్లీ వచ్చారు, మళ్లీ పోయారు. మూడోసారి వచ్చినవాళ్లలో ఒకడు కర్ర కింద పడేసి, "నేను దుర్భిణిలో చూడలేదు గానీ దొర ముఖం చూశాను" అన్నాడు. వాడి వెనక ఇంకొకడు పడేశాడు. నాలుగో మేడ అక్కడ లేవలేదు.

దొరకేమైంది, సిద్ధాంతికేమైంది అని పిల్లలు అడుగుతారు. పిడుగు పడిందని చెప్పమంటారు, పాము కరిచిందని చెప్పమంటారు. పడలేదు, కరవలేదు. ఇద్దరూ నేతిభోజనాలు తిని, పట్టుపరుపుల మీదే పోయారు. నాకు కోపం చల్లారకపోవడానికి అదీ ఒక కారణం.

తరవాతి కాలంలో ఎవరో ఎల్లాజమ్మకి గుడి కడతామని వచ్చారు. ఊరి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "గుడి కడితే కళ్లు మూసుకుని దండమెడతారు. ఆమెకి కళ్లు తెరిచినోళ్లు కావాలి" అన్నారు.

ఇప్పటికీ మొగలిపాలెంలో కొత్త ఇల్లు కప్పితే, చివరి పెంకు ఆ ఇంటి ఆడమనిషి చేతికిస్తారు. ఆ సాయంత్రం పైన మబ్బు ఎలా ఉందో అలా బొగ్గుతో గీస్తుంది. మబ్బు లేకపోతే ఉత్త సున్నా గీస్తుంది. గీత ఇంట్లోకి కనపడేలా ఆ పెంకు తిప్పి వేస్తారు.

ఇక ఎవరైనా కాగితం పట్టుకుని, మీ వల్లే కీడొచ్చింది, మీరు లేచిపోవాలి అని ఆ ఊరికి వస్తే, ముసలమ్మలు అరవరు. మంచం వాల్చి కూర్చోబెడతారు. చెంబుతో మంచినీళ్లిస్తారు. తాగేదాకా ఆగుతారు. తరవాత చుట్టూ నిలబడి అడుగుతారు:

"నీ కంటితో సూసేవా, బాబూ?"