పసుపు మూత మీది అక్షరం

గట్టుపాలెం రేవు దగ్గర షెడ్డు పెట్టుకున్న పైడిరాజు చేతిలో మంచి పనితనం ఉండేది కానీ, ఎవరి కంటా పడని పని చేయాలంటే మాత్రం అతనికి ఎక్కడలేని బద్ధకం ముంచుకొచ్చేది. తొక్కే బండ్లకు కరెంటు మోటార్లు బిగించడం అతని వృత్తి. రేవు నుంచి బరువులు మోసే మూడు చక్రాల బండ్లన్నీ అతని దగ్గరికే వచ్చేవి. మాసిపోయి, తుప్పుపట్టి వచ్చిన బండి పెళ్లికొడుకులా తయారై తిరిగి వెళ్లేది. తళతళలాడే రంగు, ముందు పెద్ద దీపం, పాట పాడే హారను! చూసినవాళ్లు "ఆహా" అనేవారు. ఆ "ఆహా" వినడానికే అతను పని చేసేవాడేమో అనిపించేది. రంగు కింద పని ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే మాత్రం "చాల్లే" అనేవాడు. చివరికి ఊళ్లో అతనికి చాల్లే పైడిరాజు అనే పేరు పడిపోయింది.

అతని షెడ్డుకు ఒక గుర్తు ఉండేది. చక్రం ఇరుసు చివర బిగించిన నట్టుకు పసుపు ప్లాస్టిక్ మూత తొడిగేవాడు. దాని మీద ఎర్రరంగుతో "పై" అని తన పేరులోని మొదటి అక్షరం రాసేవాడు. ఆ అక్షరం వంకర పోకుండా నిటారుగా నిలబడేలా మూత తొడగడానికి మాత్రం ఎంతసేపైనా ఓపిక పట్టేవాడు. బద్ధకం కూడా మనిషిని చూసి కాదు, పనిని చూసి వస్తుంది మరి!

ఎండాకాలం మొదలై, ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులవి. చేపలమ్మే చిన్నతల్లి తన బండిని తోసుకుంటూ షెడ్డుకు వచ్చింది. వెనక రెండు చక్రాల మధ్య పెద్ద పెట్టె ఉన్న బండి అది. రోజూ ఆ పెట్టెలో చేపలు వేసుకుని, రేవు నుంచి గట్టు మీది బజారుకు తొక్కుకుంటూ వెళ్లేది. బడి కూడా గట్టు మీదే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు మనవరాలు పావనిని, వాళ్ల వీధి పిల్లలను అదే పెట్టెలో కూర్చోబెట్టుకుని దిగేది. ఆ దిగుడు చూస్తే కొత్తవాళ్లకు కళ్లు తిరిగేవి. ఒక పక్క కొండ, ఇంకో పక్క బండరాళ్లు, వాటి కింద సముద్రం.

"నాయినా పైడిరాజూ, మోకాళ్లు అరిగిపోనాయి. ఇంక నా వల్ల కాదు. దీనికి మోటార్లు ఎట్టు," అంది చిన్నతల్లి. "ఎక్కిన్నాడు చేపలుంటాయి, దిగిన్నాడు పిల్లలుంటారు. ఆ మాట మరిసిపోకు."

"అలాగే పిన్నీ. రంగు ఏది వెయ్యమంటావు?" అన్నాడు పైడిరాజు.

"రంగు నీ ఇట్టం. చక్రాలు గట్టిగా బిగించు."

"నెమలికంఠం రంగు వేస్తాను. శనివారం పొద్దెక్కేసరికి బండి నీ చేతిలో పెడతాను. రేవంతా నోరెళ్లబెట్టాలి, చూడు!"

చక్రాలు గట్టిగా బిగించమన్న మాట అతని చెవిదాకా వెళ్లింది గానీ, లోపలికి వెళ్లలేదు.

ఇక్కడ మోటారు చక్రం సంగతి ఒకటి చెప్పాలి. మామూలు సైకిలు చక్రం తిరుగుతుంటే మధ్యలో ఇరుసు తన మానాన తను ఊరుకుంటుంది. మోటారు చక్రం అలా కాదు. మోటారు చక్రం కడుపులోనే ఉంటుంది. అది చక్రాన్ని ముందుకు తిప్పాలంటే ఇరుసును వెనక్కి తన్నాలి. మనం గోడను కాలితో తన్ని ముందుకు ఉరుకుతాం చూడండి, అలాగన్నమాట. గోడ గట్టిగా ఉంటేనే ఉరకగలం. గోడే కదిలిపోతే బోర్లా పడతాం. అందుకే ఇరుసు తిరిగిపోకుండా ఒక మందపాటి ఇనుప పట్టీ వేస్తారు. పట్టీకి ఒక కొస ఇరుసును గట్టిగా కరిచి పట్టుకుంటుంది. ఇంకో కొసను బండి చట్రానికి బోల్టు వేసి బిగిస్తారు. నట్టు ఎంత బిగించినా పట్టీ లేనిదే ఇరుసు ఆగదు. ఈ సంగతి పైడిరాజుకు బాగా తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఈ కథే లేదు.

కుడి చక్రానికి పట్టీ చక్కగా కుదిరింది. ఎడమ చక్రం దగ్గర మాత్రం పెట్టె కింద బ్రేకు కడ్డీ అడ్డొచ్చింది. పట్టీని వంచాలి, ఆకురాయితో అరగదీయాలి, మళ్లీ కన్నం వెయ్యాలి. పూటంతా బండి కింద పడుకుని చెయ్యాల్సిన పని. అప్పటికే శుక్రవారం మధ్యాహ్నం అయింది. రంగు రెండో పూత ఇంకా వెయ్యలేదు.

పైడిరాజు పట్టీ వైపు చూశాడు. రంగు డబ్బా వైపు చూశాడు.

"పెట్టె కింద ఎవడు తొంగి చూస్తాడు? చాల్లే," అనుకున్నాడు.

పానాకు పొడుగాటి గొట్టం తగిలించి, ఒళ్లంతా ఊపి ఎడమ నట్టు బిగించాడు. పసుపు మూత తొడిగాడు. అక్షరం నిటారుగా ఉందో లేదో నాలుగైదు సార్లు చూసుకున్నాడు. పట్టీని కాలితో బల్ల కిందికి నెట్టేసి, కుంచె అందుకున్నాడు.

శనివారం షెడ్డు ముందు జనం గుమిగూడారు. నెమలికంఠం రంగు ఎండలో మెరిసిపోతోంది. హారను పాట విని అందరూ "ఆహా" అన్నారు. చిన్నతల్లి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. రంగును చూడలేదు. పెట్టె అంచు పట్టుకుని ఊపి చూసింది. చేపల గంపలు ఎక్కించింది. తర్వాత పైడిరాజు వైపు తిరిగింది.

"ఎక్కు నాయినా," అంది.

"నేనా? నేనెందుకు పిన్నీ?"

"మా అయ్య కొత్త పడవని నీళ్లలోకి దించిన్నాడు, దాన్ని కట్టిన వడ్రంగిని ఎక్కించుకునే అలలు దాటీవోడు. వడ్రంగి నవ్వుతా ఎక్కితే మా అయ్యకి దైర్నం. ఈ బండి కట్టినోడివి నువ్వు. ఎక్కు."

పైడిరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. "షెడ్డులో పని ఉంది పిన్నీ," అన్నాడు.

"ఏం పైడిరాజూ, నీ బండంటే నీకే భయమా?" అన్నారు ఎవరో. జనం గొల్లుమన్నారు.

ఇంక తప్పలేదు. నవ్వాననిపించి ఎక్కాడు. గంపల మధ్య, ఎడమ చక్రం పక్కన కూర్చున్నాడు. "ఒక్కసారికి ఏమవుతుందిలే," అని తనకు తనే చెప్పుకున్నాడు.

బండి చడీచప్పుడు లేకుండా కదిలింది. ఎత్తు మొదలైంది. చిన్నతల్లి పిడి మెలితిప్పింది. మోటార్లు బరువును అందుకుని గట్టిగా లాగాయి.

టక్.

చిన్న చప్పుడు. చిన్నతల్లికి వినపడలేదు. పైడిరాజుకు మాత్రం అది గుండెలో మోగింది. పెట్టె అంచు మీదుగా కిందికి వంగి చూశాడు. పసుపు మూత మీద "పై" కొంచెం వెనక్కి ఒరిగి ఉంది.

తనే తొడిగిన మూత. తనే నిలబెట్టిన అక్షరం. మూత తిరిగిందంటే నట్టు తిరిగింది. నట్టు తిరిగిందంటే ఇరుసు తిరుగుతోంది.

"పిన్నీ, కొంచెం నెమ్మదిగా పోనీ," అన్నాడు.

"నెమ్మదేటి నాయినా! ఇన్నాళ్లూ ఈ గట్టు నా పేనాలు తీసింది. ఇయ్యాల నాకు లొంగింది. నీ కడుపు సల్లగుండ!" అంది చిన్నతల్లి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట విన్నాక అతనికి నిజం చెప్పడానికి నోరు రాలేదు. దీవెన అంత బరువుగా ఉంటుందని అతనికి అంతకుముందు తెలియదు.

టక్. మలుపు దగ్గర ఆమె బ్రేకు వేసింది. టక్. మళ్లీ పిడి తిప్పింది. టక్. ప్రతి చప్పుడుకూ అక్షరం ముందుకీ వెనక్కీ ఊగుతూ ఇంకాస్త ఒరుగుతోంది. పైడిరాజు పెట్టె అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

ఎలాగో బండి గట్టెక్కింది. బజారులో గంపలు దించారు. చేపలవాళ్లంతా చుట్టూ మూగి, "ఎవరు బిగించారే?" అని అడిగారు.

"మా పైడిరాజు," అంది చిన్నతల్లి గర్వంగా.

ఎప్పుడూ ఆ మాట కోసం చెవి కోసుకునేవాడు తల వంచుకున్నాడు. నట్టు బిగిద్దామంటే పానా తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా నట్టుతో ఆగే జబ్బు కాదది. అంతలో బడి గంట మోగింది. పిల్లలు బిలబిలమంటూ పరుగెత్తుకొచ్చి, కొత్త బండిని చూసి కేకలు వేస్తూ పెట్టెలోకి ఎక్కేశారు.

"పిన్నీ, బ్యాటరీ వేడెక్కినట్టుంది. పిల్లల్ని నడిపించుకెళ్దాం," అన్నాడు పైడిరాజు.

"దిగడానికి బ్యాటరీ ఎందుకురా?" అని నవ్వింది చిన్నతల్లి. బండిని దిగుడు వైపు తిప్పింది.

అసలు ప్రమాదం ఏమిటో అతనికి అప్పుడు తట్టింది. ఎక్కేటప్పుడు మోటారు ఇరుసును వెనక్కి తన్నింది. దిగేటప్పుడు బ్రేకు వేస్తే అదే మోటారు బండిని పట్టి ఆపుతుంది, ఇరుసును ముందుకు తన్నుతుంది. ఇప్పటికే వదులైన ఇరుసు ఆ తన్నుకు, చట్రంలో తను కూర్చునే గాడిలోంచి బయటికి వచ్చేస్తుంది. ఎడమ చక్రం ఊడిపోతుంది. ఎడమ పక్కనే బండరాళ్లు.

ఇంకేం చెప్పాలో తోచక అతనూ పెట్టెలోకి ఎక్కాడు. పావని అతని పక్కకు ఒదిగి కూర్చుంది. అప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్ల. కనిపించిన ప్రతి అక్షరమూ చదివేది. పెట్టె అంచు మీంచి తొంగి చూసి, "మావయ్యా, నీ 'పై' ఎందుకు పడుకుంది?" అని అడిగింది.

పైడిరాజు చూశాడు. అక్షరం పూర్తిగా పక్కకు పడిపోయి ఉంది. బండి కదిలింది.

"ఆపు పిన్నీ! ఆపు!" అని అరిచాడు. పెట్టెలోంచి కిందికి దూకి, బండి వెనక అంచు పట్టుకుని కాళ్లు నేలకు తన్ని ఆపాడు. "పిల్లల్ని దింపు! ఎడమ చక్రం ఊడిపోతుంది!"

"ఏటి నాయినా? ఎందుకు ఊడిపోద్ది?"

"పట్టీ వెయ్యలేదు. చక్రం నిలబడేది దాని మీదే. పెట్టె కింద ఎవరూ చూడరని వదిలేశాను. మూత మీద పేరు రాశాను, మూత వెనక పని చెయ్యలేదు."

చిన్నతల్లి పిడి వదిలి కిందికి దిగింది. పావనిని రెండు చేతులా ఎత్తి దింపుకుంది. మిగిలిన పిల్లలు ఒక్కొక్కరే దిగారు.

"ఇంతదూరం నడిచిన బండేగా! ఊరికే భయపెడతావేం?" అన్నాడు ఒక కొట్టు యజమాని.

"పిల్లల్ని దూరంగా తీసుకెళ్లండి," అన్నాడు పైడిరాజు. బండి కుడి పక్కన నిలబడి, పిడి కొద్దిగా తిప్పి, వెంటనే బ్రేకు నొక్కాడు.

ఈసారి టక్ మనలేదు. ఫట్ మంది. వైరు పుటుక్కున తెగింది. ఎడమ చక్రం గాడిలోంచి బయటికి దూకి, దిగుడు వెంట దొర్లుకుంటూ పోయి, బండరాళ్లకు కొట్టుకుని ఆగింది. బండి ఎడమ పక్కకు ధబేలుమని కూలింది. నెమలికంఠం రంగు పెట్టె నోరు నేలకు ఆనించుకుని పడింది. ఒక్క నిమిషం కిందట ఆ పెట్టె నిండా పిల్లలు ఉన్నారు. అందరికీ అదే తోచింది.

పసుపు మూత దొర్లి దొర్లి చిన్నతల్లి కాళ్ల దగ్గర పడింది. ఆమె వంగి దాన్ని తీసింది. ధూళి తుడిచింది. పైడిరాజు చేతిలో పెట్టింది.

"ఇదిగో, నీ పేరు కింద పడిపోయింది. తీసుకో," అంది.

తిట్టి ఉంటే అతను తట్టుకునేవాడు. ఆ మాటకు మాత్రం సిగ్గుతో కుంగిపోయి, నడిబజారులో చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

బండిని తనే షెడ్డుకు మోయించుకెళ్లాడు. తెగిన వైరు అతికి, బల్ల కిందినుంచి పట్టీ తీశాడు. చిన్నతల్లి ఒక డబ్బా బోర్లించుకుని ఎదురుగా కూర్చుంది. అతను పట్టీని వంచాడు, అరగదీశాడు, పెట్టి చూశాడు, మళ్లీ అరగదీశాడు. చేతులు బొబ్బలెక్కాయి. ఆ పనికి ఎవరూ "ఆహా" అనలేదు. సొట్టపోయిన చోట రంగు కూడా వెయ్యలేదు. రెండు చక్రాలకూ పట్టీలు బోల్టులతో బిగిశాక, బండిని ఎత్తి పెట్టి పిడి ఎన్నోసార్లు తిప్పి, బ్రేకు ఎన్నోసార్లు వేసి చూశాడు. ఇరుసు కదిలితే తెలియాలని దాని మీద ముందే ఒక గీత గీసుకున్నాడు; ఆ గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఈసారి చిన్నతల్లి ఎక్కమనలేదు. పైడిరాజే వెళ్లి ఎడమ చక్రం పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ గట్టు ఎక్కారు. పిల్లలు లేకుండా, అతనొక్కడినే కూర్చోబెట్టుకుని ఆమె మొత్తం దిగుడు దిగింది. రేవు దగ్గర బండి ఆపి, వెనక్కి తిరిగి అతని ముఖం చూసింది.

"ఇప్పుడు నవ్వుతున్నావు నాయినా," అంది. "ఇంక పిల్లల్ని ఎక్కిస్తాను."

ఆ తర్వాత పైడిరాజు నట్లకు మూతలు తొడగడం మానేశాడు. కావాలంటే ఎవరైనా వంగి చూసుకోవచ్చు. తను ఎక్కి గట్టు దిగనిదే ఏ బండినీ ఎవరికీ ఇవ్వలేదు. ఊరు మాత్రం అతన్ని ఇప్పటికీ చాల్లే పైడిరాజు అనే పిలుస్తోంది. ఊరు పేరు పెట్టినంత సులువుగా తీసెయ్యదు కదా! పిలిచినప్పుడల్లా అతను పలుకుతాడు, పెట్టె కిందికి మరోసారి వంగి చూస్తాడు.

పిల్లలూ, పెద్దలూ గుర్తుంచుకోవలసింది ఒక్కటే: తాను ఎక్కడానికి భయపడే బండిని ఇంకొకరికి అప్పగించకూడదు.