గుమ్మం దాటబోయిన వరలక్ష్మి

శ్రావణ శుక్రవారం నాడు దొరసాని అచ్చాయమ్మ గొప్పగా వరలక్ష్మీ వ్రతం చేసింది. ముత్తైదువలంతా వచ్చారు. జోరువానకు చూరు కింద నిలబడ్డ ముసలి సోమమ్మను మాత్రం, "బొట్టు లేనిదానివి, పూజవేళ గుమ్మంలో ఏమిటి? పో!" అని దొరసాని వానలోకి తరిమేసింది.

గాజులమ్మే సింగారమ్మ అది చూసింది. తన వంతు రాగానే వాయనానికి పీట మీద కూర్చుంది.

దొరసాని ఆమె కొంగులో శనగలూ తాంబూలమూ పెట్టి, ఆనవాయితీగా అడిగింది. "నా చేతి వాయనం అందుకున్నదెవరు?"

"నేనే, వరలక్ష్మిని," అంటూనే సింగారమ్మ లేచి గుమ్మం వైపు నడిచింది.

"హారతి కాకుండా ఎక్కడికే?"

"అవ్వ దగ్గరికమ్మా. నన్నిప్పుడే వరలక్ష్మిని చేశారు. ముసలిదాన్ని వానలోకి తరిమిన ఇంట్లో వరలక్ష్మి ఎలా ఉంటుంది?"

దొరసాని గబుక్కున అడ్డం వచ్చింది. వ్రతం నాడు లక్ష్మి ఇల్లు విడిచిపోవడమా! "నువ్వు కూర్చో తల్లీ!" అని తానే వానలోకి పరుగెత్తి, సోమమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పొడిచీర కట్టించి, పీట వేసి, వాయనమిచ్చింది.

"నా చేతి వాయనం అందుకున్నదెవరు?"

వాయనం అందుకుని ఎన్నేళ్లయిందో, సోమమ్మకు జవాబు గుర్తురాలేదు. "ఆకలేస్తున్నదాన్నమ్మా," అంది.

పేరంటాళ్లు కిసుక్కుమన్నారు. దొరసాని మాత్రం నవ్వలేదు. తన చేతుల్లో ఉన్న ఆ చల్లటి చేతులను అలాగే పట్టుకుని, వంటింటివైపు కేకేసింది.

"మన వరలక్ష్మికి ఆకలేస్తోందర్రా! ముందు విస్తరి వెయ్యండి!"