లక్కముద్ర కింది జవాబు

ఒకానొక రాజ్యంలో, ఊరూ పేరూ అడక్కండి, ఉద్దండవర్మ అనే రాజుండేవాడు. తనంత పండితుడు భూమ్మీద లేడని ఆయన నమ్మకం. వట్టి భ్రమే! కానీ కత్తి చేతిలో ఉన్నవాడి భ్రమను కాదనేదెవరు?

ఆ కొలువులో బాచన అనే ముసలి కవి ఉండేవాడు. పున్నమి పున్నమికీ సభలో ఒక పొడుపు చదవడం ఆయన పని. జవాబు తాటాకు మీద రాసి, లక్కముద్ర వేసి, ముందునాడే రాజుగారి మందిరానికి పంపాలి. మర్నాడు రాజుగారు పొడుపు విప్పాక ముద్ర పగలగొట్టి చూస్తే జవాబు అచ్చంగా సరిపోయేది. పన్నెండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

ఎలా తప్పుతుంది, నా మొహం! ఆకు చేతికందగానే లక్క కరిగించి, చదువుకుని, మళ్ళీ అతికించేవారు మహాప్రభువులు. బాచనకు ఈ సంగతి తెలుసు. ఆయన భార్య సూరమ లక్క ఆరకముందే దాని మీద బొటనవేలు అద్ది పంపేది. సభలో చూస్తే ఆ వేలిగుర్తు ఉండేది కాదు.

"పోనిద్దురూ, ఆయనకదో ముచ్చట," అని నవ్వేసేది సూరమ.

ఆ ఇల్లాలు కిందటి పున్నమినాడు కన్నుమూసింది. ఎగశ్వాస పట్టిందని బాచన సెలవడిగితే, "పొడుపు లేని సభ ఏమిటి? చదివి వెళ్ళు," అన్నాడు రాజు. చదివి వెళ్ళేసరికి ఆమె ఒళ్ళు చల్లబడిపోయింది. పాపం, ఆ నెలంతా ముసలాయన విస్తరి ముందు కూర్చోవడం, తినకుండా లేచిపోవడం.

అస్థులున్న ముంత పెరట్లో వేపకొమ్మకు వేలాడుతోంది. తీసుకెళ్ళి గోదావరిలో కలపాలి. రానూపోనూ నలభై రోజులు. రాజాజ్ఞ లేనిదే కొలువుకవి పొలిమేర దాటకూడదు. బాచన మళ్ళీ వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు పోతే మాకు పొడుపులెవరు చెబుతారయ్యా?" అని రాజు మీసం దువ్వాడు. "సరే, మేము విప్పలేని పొడుపు ఒక్కటి చెప్పు. ఆ క్షణమే నీకు సెలవు."

బాచన ఇంటికొచ్చి, ఆ ముంత కింద చతికిలబడి, కడుపారా ఏడ్చాడు. ఆ తర్వాతే గంటం చేతబట్టాడు.

పున్నమినాడు సభ కిక్కిరిసింది. బాచన లేచి చదివాడు.

"మూడక్షరాలదాన్ని. మనిషి భుజమెక్కుతాను. నడిమి అక్షరం తీస్తే ఎద్దు మెడ మీదుంటాను. మొదటి అక్షరం తీస్తే ఏటికి ఉంటాను. నేనెవర్ని?"

"ఓస్, ఇంతేనా!" అన్నాడు రాజు. "గుమ్మడి! అది భుజమెక్కుతుందో లేదో దొంగనడగండి, చెబుతాడు. నడిమి అక్షరం తీస్తే గుడి. గుడిలో ఉండేది నంది, నంది అంటే ఎద్దే గదా! మొదటిది తీస్తే మడి. మడికి నీళ్ళెక్కడివి? ఏటివి!"

పండితులు ఆహా ఓహో అని చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టారు. బాచన ముద్ర పగలగొట్టాడు. ఆకు మీద 'గుమ్మడి' అనే ఉంది.

"చూశావా? నీకు సెలవు లేదు పో!" అన్నాడు రాజు.

స్తంభం పక్కన నీళ్ళు మోసే ఓబయ్య కావడి దించుకుని నిలబడి ఉన్నాడు. బాచన అతని వైపు తిరిగాడు.

"ఓబయ్యా, నువ్వేమంటావు?"

"నాకేం తెల్సు సామీ," అని ఓబయ్య తల గోక్కున్నాడు. "అది కావడి కాదా? నడుమ తీస్తే కాడి, ఎద్దు మెడ మీద. ముందుది తీస్తే వడి, ఏటికి ఉండేది అదే గదా?"

సభంతా గుసగుసలు. రాజు చివాలున లేచాడు.

"మరి ఆకు మీద గుమ్మడి అని ఎందుకుంది?"

"నేనే కావాలని రాశాను ప్రభూ. పొడుపులో వెతికినవాడికి కావడి దొరుకుతుంది. గుమ్మడి ఒక్క ఆకు మీదే ఉంది," అని బాచన తల వంచుకున్నాడు.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. చెప్పొద్దూ, రాజుగారి చెయ్యి ఆయనకు తెలియకుండానే భుజం మీదికి పోయింది! ఓ మూల ఎవరో కిసుక్కుమన్నారు. రాజు తన చెయ్యి తనే చూసుకున్నాడు. కోపం రావలసినవాడికి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వి, మెళ్ళో హారం తీసి చాచాడు.

"గెలిచావయ్యా! ఇంద, తీసుకో."

"హారమొద్దు ప్రభూ. సెలవు చాలు."

"వెళ్ళిరా. కానీ నీ పొడుపులన్నిట్లోకీ ఇదే తేలిక. నీళ్ళు మోసేవాడు కూడా విప్పేశాడే!"

"ఇదొక్కటే నేను అల్లింది ప్రభూ. తక్కినవన్నీ మా సూరమ అల్లినవే. నేను చదివేవాణ్ణి, అంతే. కిందటి పున్నమినాడు మీరు చదివి వెళ్ళమన్నది కూడా తనదే. ఊపిరందక మధ్య మధ్య ఆగుతూ చెప్పింది, నేను రాసుకున్నాను."

రాజు నవ్వు ఆగిపోయింది. ఆయన సింహాసనం మీద కూలబడ్డాడు.

"పల్లకీ ఇస్తాను బాచనా, అందులో వెళ్ళు," అన్నాడు చివరికి. ఆ గొంతులో దర్పం లేదు. "తిరిగి వస్తావు కదూ?"

"నేను వస్తాను ప్రభూ," అన్నాడు బాచన. "పొడుపులు రావు."