ఊరికే నిలబడ్డ మనిషి

అమెరికాలో ఇండియానా అనే రాష్ట్రంలో, మొక్కజొన్న పొలాల నడుమ ఉన్న ఒక చిన్న ఊళ్ళో టెవిన్ అనే కుర్రవాడు ఉండేవాడు. బాస్కెట్‌బాల్ బుట్టలోకి బంతి విసరడంలో వాడికి సాటి లేదు గానీ, ఒకరు చేసిన మేలు ఒప్పుకోవడంలో వాడంత పిసినారి మరొకడు లేడు.

హైస్కూలు జట్టులో వాడి పక్కన ఓడెల్ అనే స్నేహితుడు ఆడేవాడు. ఓడెల్ పని స్క్రీన్ వేయడం. అంటే, టెవిన్‌ని వెంటాడే ఎదుటి ఆటగాడి దారికి అడ్డంగా వెళ్ళి నిలబడాలి. నిలబడ్డాక కదలకూడదు, చేతులు చాచకూడదు. కదిలితే తప్పు పట్టి ఈల వేస్తారు. పరుగున వచ్చేవాడు గుద్దుకుంటే ఆ దెబ్బ రొమ్ము మీద కాచుకోవాలి. ఆ కాస్త వ్యవధిలో టెవిన్‌కి దారి దొరికేది, బంతి బుట్టలో పడేది. జనం టెవిన్ పేరు పెట్టి అరిచేవాళ్ళు. ఓడెల్ పక్కటెముకలు తడుముకుంటూ వెనక్కి పరిగెత్తేవాడు.

ఒకసారి ఒక పెద్ద కాలేజీ కోచ్ ఆట చూడటానికి వచ్చాడు. మంచి ఆటగాళ్ళకు స్కాలర్‌షిప్ ఇప్పించడం ఆయన చేతిలో ఉండేది. ఆట అయ్యాక టెవిన్‌ని పక్కకు పిలిచి, నీకు దారి చేస్తున్న ఆ పొడుగు కుర్రాడు ఎలాంటివాడు, అతణ్ణి కూడా తీసుకోమంటావా అని అడిగాడు. ఒక్క మంచి మాట చాలు, ఓడెల్ చదువు గట్టెక్కేది. ఆ మాట టెవిన్‌కి గొంతు దాకా వచ్చింది కూడా. పైకి అంటే తన గొప్పలో వాటా పోతుందని భయపడ్డాడు.

"వాడిదేముందండీ, ఊరికే నిలబడతాడు," అన్నాడు.

కోచ్ తల ఊపి వెళ్ళిపోయాడు. టెవిన్ కాలేజీకి వెళ్ళాడు, ఓడెల్ ఊళ్ళోనే టైర్ల షాపులో పనికి కుదిరాడు. ఏరు దాటే దాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ సామెత ఇండియానాలో లేదు కాబోలు, అలాంటి మనుషులు మాత్రం అక్కడా ఉన్నారు.

కాలేజీలో టెవిన్ బాగానే ఆడాడు. అయినా అమెరికాలోని అతి పెద్ద లీగ్‌లో ఏ జట్టూ అతణ్ణి తీసుకోలేదు. అక్కడ అతణ్ణి తలదన్నేవాళ్ళు కొల్లలు. అలా మిగిలిపోయినవాళ్ళు సంచీ సర్దుకుని పరాయి దేశాల లీగుల్లో ఆడటానికి పోతారు. టెవిన్ ముందు పోలండ్ వెళ్ళాడు, అక్కణ్ణించి లిథువేనియాలో ఒక చిన్న ఊరి జట్టులో చేరాడు. మనకి క్రికెట్ ఎంతో ఆ దేశానికి బాస్కెట్‌బాల్ అంత.

ఆ జట్టులో రిమాస్ అనే పెద్ద వయసు ఆటగాడు ఉండేవాడు. పుట్టింది ఆ ఊళ్ళోనే, చిన్నప్పటి నుంచి ఆడింది ఆ జట్టుకే. ఆట మానేసే రోజున కూడా ఆ జట్టు చొక్కాతోనే ఉండాలన్నది అతని ఒకే ఒక్క కోరిక. అతని పనీ స్క్రీన్ వేయడమే. టెవిన్ అదృష్టం చూడండి, దేశం మారినా దెబ్బలు తినేవాడు మళ్ళీ దొరికాడు.

అక్కడ ఒక ఆచారం ఉంది. బంతి బుట్టలో వేసినవాడు వెనక్కి పరిగెత్తేటప్పుడు, తనకు దారి చేసినవాడి వైపు వేలు చూపించాలి. ఇందులో అతని పాలు కూడా ఉందని జనానికి చెప్పడం అన్నమాట. టెవిన్ ఆ వేలు తన రొమ్ముకే చూపించుకునేవాడు. జట్టువాళ్ళు చెప్పి చూశారు, నవ్వి ఊరుకున్నాడు. ఒకరోజు రొట్టెల దుకాణంలో ఒక ముసలావిడ అతణ్ణి నిలదీసింది.

"ఏం నాయనా, వేలు ఎత్తడానికి అంత బరువుగా ఉంటుందా?" అంది.

టెవిన్ దానికీ నవ్వాడు.

సీజన్ మధ్యలో జట్టు యజమానికి కొత్త ఆటగాణ్ణి తేవాలనిపించింది. ఒకణ్ణి తీసేస్తే గాని చోటు లేదు. రిమాస్ మోకాళ్ళు అరిగిపోయాయని ఎవరో చెవిలో వేశారు. యజమాని టెవిన్‌ని తన గదికి పిలిపించాడు.

"అతని పక్కన ఆడేది నువ్వు. అతను కావాలో వద్దో నువ్వే చెప్పు," అన్నాడు.

గాజు తలుపు అవతల రిమాస్ బల్ల మీద కూర్చుని మోకాలికి కట్టు చుట్టుకుంటున్నాడు. కిందటి ఆటలో టెవిన్ కోసం నిలబడి తిన్న దెబ్బ అది. టెవిన్ అతణ్ణి చూశాడు. తన బంతులు ఎవరి పుణ్యాన బుట్టలో పడుతున్నాయో అతనికి బాగా తెలుసు.

"అతనేం చేస్తాడండీ, ఊరికే నిలబడతాడు," అన్నాడు.

తెలియక అని ఉంటే పోనీలే అనుకునేవాణ్ణి. ఆ కట్టు కళ్ళారా చూస్తూ అన్నాడే, అందుకే ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సాయంత్రమే రిమాస్ చొక్కా వెనక్కి తీసుకున్నారు. టెవిన్ అన్న మాట ఊరంతా పాకింది.

కొత్తగా వచ్చిన ఆటగాడు స్క్రీన్ వేసేవాడే గానీ, గుద్దు పడే వేళకి మెల్లగా పక్కకు జరిగేవాడు. టెవిన్ మీదకి ఇద్దరేసి వచ్చి పడ్డారు. బంతి విసరడానికి సందు దొరకలేదు. బంతి బాగాలేదన్నాడు, చలి ఎక్కువన్నాడు, బుట్ట వంకరగా ఉందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది వరస.

ఇంతలో పక్క ఊరి జట్టు రిమాస్‌ని పిలిచి చేర్చుకుంది. ఆ జట్టు ఆడటానికి ఇక్కడికే వచ్చింది. తన సొంత ఊళ్ళో, వేరే ఊరి చొక్కా వేసుకుని రిమాస్ మైదానంలోకి దిగాడు.

ఆ జట్టులో పెద్దగా పేరు లేని ఒక ఆటగాణ్ణి ఆపే పని టెవిన్‌కి పడింది. అతను బంతితో పక్కకు తప్పుకున్నాడు. టెవిన్ వెంటపడి పరిగెత్తి, దేనికో గుద్దుకుని వెల్లకిలా పడ్డాడు. ఊపిరి అందలేదు. కళ్ళు తెరిచి చూస్తే పైన రిమాస్ ఉన్నాడు. అతను అంగుళం కదల్లేదు. ఊరికే నిలబడ్డాడు.

బంతి బుట్టలో పడింది. వేసినవాడు వెనక్కి వస్తూ రిమాస్ వైపు వేలు చూపించాడు. ముందుగా లేచి నిలబడింది రొట్టెల దుకాణం ముసలావిడ. తర్వాత ఊరంతా లేచింది. తమ జట్టు ఓడిపోతున్నా రిమాస్ కోసం చప్పట్లు కొట్టింది.

రిమాస్ చెయ్యి అందించి టెవిన్‌ని పైకి లేపాడు.

"నీ కోసం రోజూ ఇవే తిన్నాను. దెబ్బలు నాకు కొత్త కాదు, నువ్వన్న మాటే కొత్త," అన్నాడు.

మర్నాడు టెవిన్ యజమాని దగ్గరికి వెళ్ళి రిమాస్‌ని వెనక్కి తెమ్మని బతిమాలాడు. పంపించమన్నది నువ్వే కదా అని యజమాని కసిరాడు. ఆయనేమైనా ధర్మరాజా? తప్పంతా టెవిన్ నెత్తిన రుద్ది, సీజన్ కాగానే అతణ్ణి కూడా పంపించేశాడు.

విమానాశ్రయంలో కూర్చుని టెవిన్ ఓడెల్‌కి ఫోన్ చేశాడు. ఆనాడు కాలేజీ కోచ్‌తో ఏమన్నాడో దాచకుండా చెప్పి, క్షమించమన్నాడు.

"ఇన్నేళ్ళకి గుర్తొచ్చానంటే నిన్నెవరో గట్టిగానే గుద్ది ఉంటారు," అన్నాడు ఓడెల్. "నీ క్షమాపణ నేనేం చేసుకోను రా? ఈసారి ఎవరైనా అడిగితే నిజం చెప్పు." షాపులో ఎవరో పిలుస్తున్నారని ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత టెవిన్ ఇంకా చిన్న లీగుల్లో ఆడాడు. బంతి వేసిన ప్రతిసారీ దారి చేసినవాడి వైపు వేలు చూపించాడు. మంచిదే. కానీ ఆ వేలు ఓడెల్‌ని కాలేజీకి పంపలేదు, రిమాస్‌కి అతని చొక్కా తిరిగి ఇవ్వలేదు.

నీతి: మన కోసం దెబ్బ కాచినవాడి పేరు అడిగిన రోజునే చెప్పాలి; ఆ రోజు దాచినవాడు దొంగ, ఆ దొంగసొత్తు తర్వాత ఎంత ఏడ్చినా తిరిగి ఇవ్వలేడు.