తింగిరం ఎవరు పట్టాలి?

"గుట్ట దిగే గుర్రమా, గజ్జెల సింగారమా,
వాగు నీళ్ళు తాగినంక..."

ఆ తర్వాతి ముక్క సింగారికి ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. పడుచుదనంలో అది కలప లాగుతుంటే తోలేవాడు పాడిన పాట. ఇప్పుడా కలప కొట్టే కూపు మూతబడింది. చెట్లు కొట్టేవాళ్ళు మూటలు సర్దుకుని పోతూ, ముసలిదైందని సింగారి గుర్రాన్ని, కుంటుతోందని బొల్లెద్దును వాగు నడుమ దిబ్బ మీదే వదిలేశారు. నాలుగు గొలుసులూ, ఒక పొడుగాటి మానూ కూడా అక్కడే పడేశారు.

ఆ దిబ్బ మీద ఒక మేక, దాని పిల్లలు రెండు ఉన్నాయి. కొండ మీద మబ్బు దిగింది. వాగు పొంగిందంటే దిబ్బ మునుగుతుంది. పెద్దవి ఎలాగో ఈదుతాయి, పిల్లలు కొట్టుకుపోతాయి. మానును లాగి అవతలి గట్టుకు ఆనిస్తే చాలు, పిల్లలు దాని మీద నడిచిపోతాయి.

చిక్కల్లా ఒకటే. గుర్రానిది పడమటి అడవి, ఎద్దుది తూర్పు కొండ. పనిముట్లు అవే, పేర్లే వేరు.

"బొల్లన్నా, మొద్దుకు కొండి తగిలియ్యి," అంది సింగారి.

ఎద్దు తల ఎగరేసింది. "ఏటీ? నన్ను మొద్దంటావా? పైగా కొండేత్తావా? నువ్వేటి సింగారప్పా, తేలువా?"

అప్పటిదాకా దిబ్బ మీదే ఓ మూల కూర్చుని, మేకపిల్లల్ని చూస్తూ మూతి నాకుకుంటున్న ఒక నక్క లేచింది. "ఆగండాగండి! నాలుగు అడవుల మాటలూ తెలిసిన దుబాసీని, నేనుండగా మీకీ పేచీ ఎందుకు?" అని ఎద్దు చెవిలో మూతి పెట్టింది. "నీకు బుర్ర లేదట. కుట్టి చంపుతుందట."

"దుంగ లాగుదామని నానొత్తే ఈ తిట్లేటి!" ఎద్దు రంకె వేసింది.

నక్క ఒక్క గెంతు గెంతి సింగారి దగ్గర వాలింది. "విన్నావా అక్కా? నిన్ను దొంగ అంటోంది."

"నేను దొంగనా! నీది ఏం ఎత్తుకపోయిన?" సింగారి గిర్రున వెనక్కి తిరిగింది. మేక అడ్డం పడింది. "పిన్నీ, నువ్వు పోతే నా పిల్లలేం కావాలి?"

ఎద్దు ఉక్రోషంగా మానును కొమ్ముతో పొడిచింది. "ఇదీ దుంగ! దీన్ని దుంగంటే నీకెందుకంత రోసం?"

సింగారి ఆగిపోయింది. "గిదా? దీన్ని మేం మొద్దంటం!"

"మరి కొండి?"

సింగారి గొలుసు చివరి ఇనుప వంకీని గిట్టతో తట్టింది.

"ఓస్, కొక్కెమా!" ఎద్దు పొట్ట అదిరేలా నవ్వింది. ఎంత వింత! ఒక ఇనుప వంకీ ఇంకో అడవికి పోయేసరికి తేలైపోయింది.

"నేను చెప్పిందీ అదేగా," అంది నక్క, తోక సవరించుకుంటూ.

సింగారి కోప్పడలేదు. ఎద్దుకు కన్నుగీటి, "అన్నీ కుదిరినయ్ తమ్మీ, తింగిరం ఒక్కటే తక్కువ. తింగిరం పట్టేటోడు లేకుంటే మొద్దు కదలదు," అంది. ఏ అడవిలోనూ లేని మాట అది, అప్పుడే పుట్టించింది.

తెలీదంటే దుబాసీ పరువేం కావాలి? "తింగిరమా! మా తాతలు తింగిరంలోనే పుట్టి పెరిగారు."

"గట్లనా! ఎవరు పట్టాలె మరి?"

"నాలాంటి పెద్దమనిషి పట్టాలి."

"మెడకా, నడుముకా?"

"నడుముకే! మెడకు కట్టేది మోటువాళ్ళు."

మేక నక్క నడుముకు గొలుసు చుట్టి, మాను ముందు కొసకు బిగించి కొక్కెం తగిలించింది. మిగతా గొలుసులు సింగారి మెడపట్టెడకూ ఎద్దు కాడికీ వేసింది.

"మొద్దును కట్టీసావా?" ఎద్దు అడిగింది.

"రెండు మొద్దుల్నీ కట్టాను మామా!"

"హోయ్!" అని ఇద్దరూ ఒక్క ఊపున వాగులోకి దిగారు. మాను జారింది. దాని ముందర నక్క ఎగురుతూ, మునుగుతూ, నీళ్ళు మింగుతూ పోయింది. మాను కొస అవతలి గట్టున ధన్‌మని ఆనింది. మేకపిల్లలు టకటకమంటూ దాటేశాయి, వాటి వెనకే తల్లీ దాటింది. దాటీ దాటగానే వాన విరుచుకుపడింది. పిల్లలు ఆ వానలోనే గంతులేస్తూ నక్క తోక లాగి పారిపోయాయి.

తెలియని మాటను అడిగి తెలుసుకున్నవాళ్ళకు అది దారైంది, తెలిసినట్టు తల ఊపినవాడికి గొలుసైంది.

మేక తనవీ ఎద్దువీ గొలుసులు ఊడదీయగానే సింగారి కాళ్ళు దులుపుకుని నడక సాగించింది. వెనక నుంచి నక్క దానితో అన్న చివరి మాట ఇదీ: "అక్కా, అక్కా! 'విప్పు' అనడానికి మీ పక్క ఏమంటారో అదొక్కటీ చెప్పి పోవే తల్లీ!"